జిమ్నీకి అమర్చిన లిఫ్ట్ కిట్‌ను మీ ఖర్చుతో తొలగించి, సొమ్ము తిరిగి చెల్లించవలసిందిగా ఫిర్యాదు

అనంతపురం జిల్లా, రాయదుర్గం ప్రాంతం నుంచి.

సంస్థ నిర్వాహకులకు,

అయ్యా,

నేను రాయదుర్గం దగ్గరి పల్లెలో చీనీ తోట, వేరుశనగ చేలు సాగుచేసుకునే రైతును. గత కార్తీక మాసంలో బెంగళూరులోని మీ వర్క్‌షాపుకు వచ్చి, ఏ బండి కొనాలన్న సలహాకు మీరడిగిన రుసుము చెల్లించాను. ఆ తర్వాత మీరు చెప్పిన మారుతి జిమ్నీనే కొని, మీ దగ్గరే దానికి రెండంగుళాల లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు), పెద్ద టైర్లు వేయించుకున్నాను. ఈ పనికి మొత్తం 1,42,000 రూపాయలు అయింది. రసీదుల నకళ్లు ఈ లేఖతో పంపుతున్నాను. ఈ రోజు ఆ బండిలో ఇంటివాళ్లను ఎక్కించుకుని జాతీయ రహదారి మీదికి పోవడానికి నాకు ధైర్యం చాలడం లేదు. బండి తయారీలో ఏ లోపమూ లేదని ముందే చెబుతున్నాను. లోపం మీ పనిలో ఉంది, అంతకంటే ముందు మీ సలహాలో ఉంది.

నా అవసరం ఏమిటో మొదటి రోజే వివరంగా చెప్పాను. మా తోటకు తారురోడ్డు దిగాక నాలుగు కిలోమీటర్ల మట్టిదారి ఉంది. మధ్యలో ఒక వంక దాటాలి, కణేకల్లు వైపు చేనికి పోవాలంటే వేదవతి హగరి ఇసుకలో దిగి ఎక్కాలి, ఆపైన రెండు గట్ల మధ్య ఎద్దులబండి పోయేంత దొంకదారి. వానాకాలంలో నల్లరేగడి చక్రాలకు ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది. ఎరువుల మూటలు, డ్రిప్ పైపులు, ఇద్దరు మనుషులు, ఇదీ బండి మోయవలసిన బరువు. పందేలకు గాని, కొండలెక్కే సరదాకు గాని నేను బండి అడగలేదు.

అప్పుడు మన ముందు మూడు బండ్లు ఉన్నాయి. 1985లో వచ్చిన మారుతి జిప్సీ నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన బండి. కమాను పట్టీల మీద నడిచే ఆ బండిని మా ఊరి మెకానిక్ కళ్లు మూసుకుని విప్పి బిగించగలడు. అయితే దాని తయారీ ఆగిపోయింది, మంచి స్థితిలో ఉన్నది దొరకడం కష్టమని మీరన్నారు, ఒప్పుకున్నాను. 2020లో కొత్త రూపంలో వచ్చిన మహీంద్రా థార్ బలమైన బండే గాని, 1,800 మిల్లీమీటర్లు దాటిన వెడల్పుతో మా దొంకదారిలో గట్లను రాసుకుంటూ పోవాలి. పైగా 2023 జనవరి నుంచి వెనుక చక్రాలతో మాత్రమే నడిచే థార్ కూడా అమ్ముతున్నారు కాబట్టి, కొనేటప్పుడు చూసుకోవాలని మీ సలహాదారు హెచ్చరించారు. ఆ హెచ్చరికకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. 2023 జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన జిమ్నీ 1,645 మిల్లీమీటర్ల వెడల్పు, నిచ్చెన ఆకారపు ఛాసిస్ (అడుగు చట్రం), ముందూ వెనుకా రెండు చక్రాలనూ కలిపే గట్టి ఇరుసులు, నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేరు ఉన్న తేలికైన బండి. అదే తగినదన్న మీ మాట సరైనదే. అక్కడితో ఆగి ఉంటే ఈ లేఖ రాయవలసిన పని ఉండేది కాదు.

బండి ఇంటికి వచ్చిన మూడు వారాలు ఏ మార్పూ లేకుండానే నడిపాను. టైర్లలో గాలి 18 పీఎస్ఐకి తగ్గించి, లివర్ 4ఎల్‌లో (నాలుగు చక్రాలూ లాగే లో రేంజ్‌లో) వేస్తే హగరి ఇసుకలో ఆరు మూటల ఎరువుతో ఒక్కసారి కూడా దిగబడలేదు. ఈ సంగతి ఫోన్‌లో చెప్పినప్పుడు మీ సలహాదారు, 'ఎత్తు పెంచితే ఇంకా బాగుంటుంది, కింద ఏదీ తగలదు' అన్నారు. నేను నమ్మిన మాట అది.

ఆ మాట ఎంతవరకు నిజమో నేను తర్వాత టేపు పట్టుకుని కొలుచుకోవలసి వచ్చింది. లిఫ్ట్ కిట్ ఛాసిస్‌నూ బాడీనీ ఎత్తుతుంది గాని, గట్టి ఇరుసు మధ్యలో వేలాడే, చక్రాలకు శక్తిని పంచే గేర్లుండే డిఫరెన్షియల్ గుండును ఒక్క మిల్లీమీటరు కూడా ఎత్తదు. మా దారిలో బండ్ల జాడల మధ్య మిట్టకు తగిలేది ఆ గుండే. దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే, అదీ టైరు వ్యాసంలో పెరిగినదానిలో సగం మాత్రమే. కంపెనీ ఇచ్చిన 195/80 ఆర్15 టైరు వ్యాసం 693 మిల్లీమీటర్లు, మీరు వేసిన 235/75 ఆర్15 వ్యాసం 733. అంటే నాకు నిజంగా దక్కిన ఎత్తు 20 మిల్లీమీటర్లు. దీనికి బదులుగా గేర్లన్నీ సుమారు 6 శాతం పొడవెక్కాయి, అంటే ప్రతి గేరులోనూ లాగే బలం ఆ మేరకు తగ్గింది. వంక గట్టు ఎక్కేటప్పుడు ఇంతకుముందు రెండో గేరులో పోయిన బండి ఇప్పుడు మొదటి గేరు అడుగుతోంది, స్పీడోమీటరు 60 చూపిస్తున్నప్పుడు నిజానికి 63 దాటి పోతున్నాను. బండి బరువు పైకి జరగడంతో చెరువుకట్ట వాలు మీద అడ్డంగా పోవాలంటే భయమేస్తోంది. టైర్లు మార్చడమే అవసరమనుకుంటే, పొలందారికి పనికొచ్చే నకాషీ ఉన్న టైర్లను కంపెనీ కొలతలోనే వేసి, కింద దెబ్బ తగలకుండా కాపాడే ఒక స్కిడ్ ప్లేటు బిగించి పంపి ఉండవలసింది. అంతకు మించి నా దారికి అవసరం లేదు.

ఇప్పుడు పని సంగతి. 44వ జాతీయ రహదారి మీద అనంతపురం నుంచి గుత్తి వైపు పోతుండగా, 70 కిలోమీటర్ల వేగంలో ఒక చిన్న గుంతలో చక్రం పడగానే స్టీరింగ్ నా చేతుల్లో గిలగిలా కొట్టుకుంది. వేగం 40కి తగ్గేదాకా ఆగలేదు. వెనుక సీట్లో మా అమ్మ ఉంది. మీకు ఫోన్ చేస్తే కొత్త స్ప్రింగులు కుదురుకోవడానికి 5,000 కిలోమీటర్లు పడుతుందన్నారు. రెండోసారి చేస్తే 9,500 రూపాయలు పెట్టి స్టీరింగ్ డ్యాంపర్ వేయించుకోమన్నారు. డ్యాంపర్ ఊగులాటను అణచిపెడుతుంది గాని దాని కారణాన్ని తీసేయదు.

కారణం అనంతపురంలోని మెకానిక్ ర్యాంపు మీద తెలిసింది. బండి ఎత్తు పెరిగినప్పుడు ముందు ఇరుసు కొంచెం తిరిగి క్యాస్టర్ కోణం (ముందు చక్రాలు మలుపు తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది, అందువల్ల స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రాదు. ఆ కోణాన్ని సరిచేసే బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు) మీరు వేయలేదు. ఇరుసును అడ్డంగా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్ పాత పొడవుతోనే ఉండటం వల్ల ఇరుసు మొత్తం ఒక పక్కకు జరిగింది. రెండు వైపులా టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య దూరం కొలిస్తే 16 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. చక్రాలు గాలిలో వేలాడేలా ఛాసిస్ కింద జాకీ పెట్టి ఎత్తగానే ముందు కుడి చక్రం బ్రేకు గొట్టం బావిలోకి దించిన చేంతాడులా బిగుసుకుపోయింది. ఇనుప మూతి దగ్గర రబ్బరు మీద గోటితో గీసినట్టు సన్నని పగుళ్లు కనిపించాయి. నేను ఆ చోట వేలు పెట్టి చూశాను. వంక దిగేటప్పుడు ఒక చక్రం గుంతలోకి జారితే ఆ గొట్టం ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. పొడవు గొట్టాలు, సర్దుకునే పాన్‌హార్డ్ రాడ్, క్యాస్టర్ బుష్‌లు మీ అంచనా పత్రంలో 'ఐచ్ఛికం' అన్న మాట కింద ఉన్నాయి. బ్రేకుకు సంబంధించిన వస్తువు ఐచ్ఛికం ఎలా అవుతుందో దయచేసి రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇంకొక సంగతి కూడా మీరు నా దగ్గర దాచారు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అలాంటి మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. శిక్ష పడేది నాకు, డబ్బు చేరింది మీకు. ఆర్‌సీ (బండి రిజిస్ట్రేషన్ పత్రం) సంగతి అడిగినప్పుడు 'అందరూ వేయించుకుంటున్నారు, ఏమీ కాదు' అన్న జవాబు తప్ప మీ నుంచి ఇంకేమీ రాలేదు.

కాబట్టి ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా మీ మనిషిని పంపి, బండిని ట్రక్కు మీద తీసుకుపోయి, మీ దగ్గరే ఉంచుకున్న నా పాత స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, టైర్లు తిరిగి బిగించి, ముందు బ్రేకు గొట్టాలు రెండూ కొత్తవి వేసి, అలైన్‌మెంట్ కాగితంతో సహా నాకు అప్పగించవలసిందిగా కోరుతున్నాను. కిట్‌కూ టైర్లకూ కూలికీ తీసుకున్న 1,42,000 రూపాయలు, అనంతపురంలో పరీక్షకు నేను పెట్టిన 2,300 రూపాయలు తిరిగి చెల్లించాలి. సలహా రుసుము నేను అడగడం లేదు, ఎందుకంటే బండి ఎంపికలో మీ సలహా నిజంగా పనికొచ్చింది.

గడువులోగా జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నేను నివసించే చోటే ఫిర్యాదు చేసుకునే వీలుంది కాబట్టి, అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. ర్యాంపు మీద తీసిన ఫొటోలు, కొలతల కాగితం, మీతో జరిగిన ఫోన్ సంభాషణల తేదీలు అన్నీ నా దగ్గర ఉన్నాయి. అప్పటిదాకా బండిని షెడ్డులోనే ఉంచుతాను. ఈ నెల ఎరువులు ట్రాక్టరు బాడుగకు మాట్లాడుకుని తోలుకుంటున్నాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు