విమానం దిగాకే డబ్బులా?

సంపాదకుడు గారికి నమస్కారం.

విదేశాల్లో చదువుకునేందుకు తెలంగాణ సర్కారు డబ్బు సాయం చేస్తోంది: ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్. ఈ మూడూ మంచి పథకాలే. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉంటే 20 లక్షల దాకా ఇస్తారు. కూలికి వలస పోయిన పాలమూరు నుంచి పిల్లలు పీజీ చదువుకు అమెరికా, జర్మనీ పోతున్నారంటే అందులో వీటికీ వాటా ఉంది. చిక్కంతా డబ్బు ఎప్పుడిస్తారన్న దగ్గరే వస్తోంది.

మొదటి విడత రావాలంటే విద్యార్థి ఆ దేశంలో దిగి ఇమిగ్రేషన్ కాగితం పంపాలి. రెండో విడత మొదటి సెమిస్టర్ ఫలితాలయ్యాక. సీటు కోసం రాసే జీఆర్‌ఈ, ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షల ఫీజులు, వీసా, టికెట్, బ్యాంకులో చూపించాల్సిన సొమ్ము మాత్రం అంతకుముందే కావాలి. అచ్చంపేట, దేవరకొండ పక్క పల్లెల్లో ఇంటికి ఉండేది రెండు మూడెకరాలు, దాని పాస్‌బుక్కు. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు ఆస్తి తాకట్టు అడుగుతాయి. వ్యవసాయ భూమి అంటే మాత్రం సాధారణంగా ఒప్పుకోవు. ఇక మిగిలింది ఊళ్లో రెండు మూడు రూపాయల మిత్తికి తేవడం, లేకుంటే భూమి అమ్మడం. రెండూ కుదరనివాళ్లు సీటు వదులుకుంటారు. పేదలకని పెట్టిన పథకం అప్పు పుట్టేవాళ్లకే అందుతోంది. పైగా స్కాలర్‌షిప్ బకాయిలు పేరుకున్నాయని పత్రికల్లో పలుమార్లు వచ్చింది. అక్కడ చదివే పిల్లలకు, ఇక్కడ మిత్తి కట్టే తల్లిదండ్రులకు ఒకటే టెన్షన్.

జర్మనీ సంగతే చూడండి. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు ఉండదు. మన పిల్లలకు ఇంతకంటే అనువైన దేశం దొరకదు. (కన్సల్టెన్సీలు ఈ మాట ముందుగా చెప్పవు, కమిషన్ వచ్చే కాలేజీలు వేరే ఉంటాయి కదా.) కానీ వీసాకు ముందే ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో (అక్కడికి పోయాక నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా) వేసి చూపించాలి. మన రూపాయల్లో పది లక్షల పైమాటే. సర్కారు ఇచ్చే డబ్బేమో దిగినంక వస్తుంది!

ముందే ఇస్తే దుర్వినియోగం అవుతుందని అధికారులు అనొచ్చు. ఆ భయం ఉంటే విద్యార్థి చేతికి ఇవ్వొద్దు. కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ఫీజును మన రాయబార కార్యాలయాల ద్వారా నేరుగా యూనివర్సిటీకే కడుతుంది. రాష్ట్రం కూడా ఎంపిక కాగానే మొదటి విడతను యూనివర్సిటీకో, బ్లాక్డ్ అకౌంట్‌కో పంపొచ్చు. వీసా రాకపోతే బ్లాక్డ్ అకౌంట్ సొమ్ము వెనక్కి తెచ్చుకునే వీలుంది. అది కూడా కష్టమంటే ఎంపిక పత్రం చూసి తాకట్టు లేకుండా అప్పు ఇచ్చేలా బ్యాంకులకు ప్రభుత్వమే జమానతు ఉండాలి.

ఇంకొక్క విన్నపం. ఆ కేంద్ర పథకం భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు కూడా వర్తిస్తుంది. మా దిక్కు డిగ్రీ కాలేజీల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. పాలమూరు యూనివర్సిటీలో, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో దీనికోసం ఒక మనిషిని కూర్చోబెట్టి, ఫైనలియర్ మొదలయ్యేటప్పుడే పిల్లలకు చెప్పించాలి. కోర్సు అయిపోయాక చెబితే పరీక్షలు రాసే టైమ్ కూడా ఉండదు.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా