ఆరబెట్టే పాత్ర వేరు, దాచుకునే పాత్ర వేరు

సంపాదకులకు నమస్కారం.

ఈ ఉత్తరం వంటచెరకు గురించి. గ్యాసు బండ గడప గడపకూ చేరిన రోజుల్లో ఇదొక రాయదగిన విషయమా అని మీ పాఠకుల్లో కొందరికి అనిపించవచ్చు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చిన తరవాత మా కోనసీమ పల్లెల్లో కూడా రోజువారీ అన్నం, కూర గ్యాసు మీదికి మారిన మాట నిజమే. అయినా స్నానాలకు నీళ్లు కాచే కాగు కిందా, పెళ్లిళ్లలో తవ్వే గాడిపొయ్యిలోనూ, కార్తీక మాసపు వనభోజనాల్లోనూ, గుళ్లలో అన్నదానం జరిగే చోటా, కొన్ని బడుల్లో మధ్యాహ్న భోజనం వండే పాకల్లోనూ ఇప్పటికీ కట్టెలే మండుతున్నాయి. మండుతున్నాయనడం కంటే పొగలు కక్కుతున్నాయనడం సబబు. ఇటీవలి కాలంలో ఈ పొగ పెరగడానికి ఒక ముఖ్య కారణం, పచ్చికట్టెను తెచ్చి పాత డ్రమ్ముల్లో కుక్కి మూత బిగించడమేనని నా అభిప్రాయం. ఆ తప్పు నేను కూడా చేశాను కాబట్టే ఇంత ధైర్యంగా రాయగలుగుతున్నాను.

పూర్వం ఈ సమస్య లేదు. పెంకుటింట్లో వసారా చూరు కింద, గోడకు ఆనించి కట్టెలు పేర్చేవారు. వాన జల్లు పడేది కాదు, గాలి మాత్రం అటూ ఇటూ ఆడేది. వంటగదిలో పొయ్యికి ఎగువన అటక ఉండేది, రేపటికి కావలసిన పుల్లలు ఈ రోజే అటకెక్కి ఆ వేడికీ పొగకూ గలగలలాడేవి. ఇప్పుడు అందరివీ డాబా ఇళ్లు. చూరు లేదు, వసారా లేదు, పశువుల పాక తీసేసిన చోట మోటారు సైకిలు పెట్టుకున్నాము. కట్టెకు ఇంట్లో చోటు పోయింది గనుక పాత ఇనుము కొట్లో చవకగా దొరికే రెండు వందల లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఆ చోటు ఆక్రమించింది. ఈ మార్పులో ఎవరినీ తప్పు పట్టవలసిన పని లేదు. డ్రమ్ము దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో తెలుసుకోకపోవడమే చిక్కు.

రెండేళ్ల కిందట కార్తీకం వెళ్లాక నేను ఒక బండి సరుగుడు కొట్టించి, పచ్చివి పచ్చిగానే రెండు డ్రమ్ములకు నింపి, మూత మీద ఇనుప పట్టీ కూడా బిగించి, వర్షాకాలానికి నిశ్చింత అనుకున్నాను. శ్రావణంలో మూత తీసేసరికి ముక్క వాసన గుప్పుమంది. కట్టెల నిండా తెల్లటి బూజు, అడుగున బెత్తెడు నీళ్లు. ఒక్క చుక్క వాన లోపలికి పోయే దారి లేనప్పుడు ఆ నీళ్లు ఎక్కడివని మా ఇంట్లో రెండు రోజులు చర్చ జరిగింది. ముప్పై ఏళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని, జవాబు నాకు మొదటి రోజే తట్టవలసింది.

ఆ నీళ్లు కట్టెలోవే. అప్పుడే నరికిన కట్టె బరువులో మూడో వంతు నుంచి సగం దాకా నీరే ఉంటుంది. ఒక డ్రమ్ములో రమారమి వంద కిలోల పచ్చి సరుగుడు పడుతుందనుకుంటే, అది పొయ్యిలోకి పనికొచ్చే స్థితికి రావడానికి పాతిక, ముప్పై కిలోల నీటిని వదులుకోవాలి. ఆ నీరు ఆవిరై ఎక్కడికి పోవాలి? ముప్పై డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి మోయగలిగిన తేమ దాదాపు 30 గ్రాములు. కట్టెలు ఆక్రమించగా డ్రమ్ములో మిగిలిన గాలి వంద లీటర్లు, అంటే ఘనపు మీటరులో పదో వంతు. అది మోయగలిగేది మూడు గ్రాములు. ముప్పై కిలోల నీరు పోవలసిన చోట మూడు గ్రాములతో గాలికి కడుపు నిండిపోతుంది. రాత్రి చల్లబడగానే ఆ కాస్త తేమా మూతకు చెమట పట్టి కిందికి కారుతుంది, పగలు మళ్లీ ఆవిరవుతుంది, రాత్రి మళ్లీ కారుతుంది. ఎండలో పెట్టిన మూత డ్రమ్ము కట్టెను ఆరబెట్టదు, ఉడకబెడుతుంది. కట్టెల కుప్పను నాలుగు పక్కలా నేల దాకా టార్పాలిన్‌తో చుట్టేసేవారు చేస్తున్నది కూడా అచ్చంగా ఇదే.

తడికట్టెతో నష్టం ఎంత అని అడిగేవారికి ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే దీని మీద అతిశయోక్తులు చాలా వినబడుతుంటాయి. సగానికి సగం నీరున్న కిలో కట్టెను తీసుకుందాము. అందులోని అరకిలో నీటిని కాచి ఆవిరి చెయ్యడానికి సుమారు 300 కిలోకేలరీలు ఖర్చవుతాయి. మిగిలిన అరకిలో కట్టె ఇచ్చే వేడి 2200 కిలోకేలరీలకు తక్కువ ఉండదు. అంటే నీటిని తరమడానికి పోయేది ఏడో వంతు మాత్రమే. అసలు నష్టం మరో చోట ఉంది. కట్టె కాలడమంటే ముందు దానిలోంచి వాయువులు బయటికి రావడం, ఆ వాయువులు అంటుకోవడం. తడి ఉన్నంతసేపూ ఆవిరి ఆ మంటను చల్లారుస్తూనే ఉంటుంది కనుక వాయువుల్లో చాలా భాగం అంటుకోకుండానే పొగగా లేచిపోతుంది. మనం డబ్బు పెట్టి కొన్న ఇంధనమే ఆ పొగ. అది గిన్నెల అడుగున మసిగా, గోడల మీద జిడ్డుగా, వండే మనిషి కళ్లలోనూ ఊపిరితిత్తుల్లోనూ మిగులుతుంది. ఇంటి లోపలి పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది అకాల మరణం పాలయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. తడికట్టె ఆ పొగను ఇంకా పెంచుతుంది.

ఇక ఆరబెట్టడానికి ఏ పాత్ర పనికొస్తుందన్నది. గాలి ఆడేది ఏదైనా పనికొస్తుంది. నా అనుభవంలో అన్నిటికన్నా మెరుగైనది వెయ్యి లీటర్ల తెల్ల ట్యాంకు చుట్టూ ఉండే ఇనుప చువ్వల పంజరం. రొయ్యల చెరువులకూ, రకరకాల కార్ఖానాలకూ ద్రవాలు మోసుకొచ్చే ఈ ట్యాంకులు పగిలినప్పుడు పంజరాన్ని విడిగా అమ్ముతారు. కింద పీట కూడా ఉంటుంది కాబట్టి కట్టె నేలకు తగలదు. లోపలి ప్లాస్టిక్ ట్యాంకును మాత్రం కొట్లోనే వదిలిపెట్టి, పంజరాన్ని శుభ్రంగా కడిగి తెచ్చుకోవాలి. నేను నాలుగు ఇటుక దిమ్మెల మీద పంజరాన్ని నిలిపి, వెడల్పు పక్కను సాయంత్రం పైరగాలి వచ్చే దిక్కుకు పెట్టాను. పైన ఒక ఇనుప రేకును కాస్త వాలుగా, పంజరం అంచు దాటి జానెడు బయటికి వచ్చేటట్టు కట్టాను. పక్కలకు ఏమీ కప్పలేదు. చూసినవాళ్లు జల్లు కొడుతుంది కదా అన్నారు. కొడుతుంది. పైపైన తడిసిన కట్టె మర్నాటి గాలికి ఆరిపోతుంది, లోపలి పచ్చి మాత్రం నెలల తరబడి గాలి ఆడితే గాని వదలదు. ఈ రెండు తడులకూ పోలిక లేదు.

చిన్న పుల్లలకూ, కొబ్బరి డొక్కలకూ పంజరం అక్కరలేదు. టమాటాలు, మామిడికాయలు వచ్చే చిల్లుల ప్లాస్టిక్ ట్రేలు చాలు. ఒకదాని మీద ఒకటి పేర్చినా మధ్యలో గాలి ఆడుతుంది, ఎండకు తీసుకుపోవడానికీ వానకు లోపల పెట్టడానికీ ఒక్క మనిషి సరిపోతుంది. ఉల్లిపాయల వల సంచులు కూడా మంచివే గాని ఎండకు తొందరగా పొడి పొడి అయిపోతాయి. ఎరువుల బస్తాలు ఈ పనికి వద్దు.

పాత్ర ఎంత మంచిదైనా మొద్దును మొద్దుగా పడేస్తే ఆరదు. కట్టెలోని నీరు కోసిన కొసల నుంచి వేగంగా పోతుంది, బెరడు గుండా పోవడం బహు నిదానం. అందుచేత మూరెడు పొడవున కోయించి, చేతి మణికట్టు కంటే లావున్న ప్రతి దాన్నీ పేళ్లుగా చీల్చి పేర్చాలి. పచ్చిగా ఉన్నప్పుడు చీల్చడం తేలిక కూడా. మా ప్రాంతానికి నేను పాటించే లెక్క ఇది: సంక్రాంతి వెళ్లగానే నరికించడం, శివరాత్రి లోపల చీల్చి పంజరానికి ఎత్తడం, రోహిణి కార్తె ఎండలు అయ్యే దాకా కదపకుండా ఉంచడం. ఎండిందీ లేనిదీ తెలుసుకోవడానికి ఒక పేడుకు సున్నంతో గుర్తు పెట్టి, పదిహేను రోజులకొకసారి వంటింటి కాటాలో తూచి తేదీతో సహా రాసుకుంటాను. మొదట్లో బరువు గబగబా తగ్గుతుంది, ఆ తరవాత నెమ్మదిస్తుంది, వరసగా రెండు సార్లు ఒకే బరువు చూపినప్పుడు ఆ కట్టె మన గాలిలో ఎండవలసినంత ఎండినట్టే. తేమ నూటికి ఇరవై కంటే తగ్గితే పొయ్యికి సిద్ధం. కాటా లేనివారు రెండు పేళ్లను ఒకదానితో ఒకటి కొట్టి చూడవచ్చు; ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. మా అమ్మ అంతకు మించిన పరీక్ష ఏదీ చేసి ఎరగదు.

ఇప్పుడు డ్రమ్ము మాట. దానిని ఇంట్లోంచి వెళ్లగొట్టమని నేను చెప్పడం లేదు. మృగశిర కార్తె రాగానే, ఎండిన కట్టెను, ఎండినదాన్ని మాత్రమే, మూత డ్రమ్ములోకి మార్చాలి. అప్పటి దాకా శత్రువైన ఆ మూతే అప్పటి నుంచి మిత్రమవుతుంది: లోపల వదలడానికి తేమ లేదు, బయటి ముసురు లోపలికి రాలేదు, చెద పట్టదు, ఎలుక చేరదు. నేల మీద కుప్పపోసిన కట్టెల్లో ఎలుకలు, వాటి వెంట పాములు, తేళ్లు, జెర్రులు చేరడం పల్లెల్లో పుట్టిన ఎవరికీ కొత్త సంగతి కాదు. చీకట్లో ఆ కుప్పలో చెయ్యి పెట్టే అవసరం కూడా తప్పుతుంది.

ఈ దాచడం ఎంత అవసరమో 1996 నవంబరు 6 రాత్రి తుపానును చూసిన కోనసీమ వాళ్లకు చెప్పనక్కర లేదు. తెల్లారేసరికి తోటలకు తోటలు నేలమట్టమయ్యాయి. ఎటు చూసినా చెట్లే, ఎటు చూసినా కర్రే, పొయ్యిలోకి మాత్రం ఒక్క పుల్ల లేదు. మా వీధిలో ఒకాయన పాత పందిరి మంచం విరగ్గొట్టి పసిపిల్లలకు పాలు కాచి ఇచ్చారు. ఏటా తుపానులు వచ్చే తీరంలో, దారులు తెగి గ్యాసు బండ రాని నాలుగు రోజులకు సరిపడా ఎండుకట్టె ఒక డ్రమ్ములో భద్రంగా ఉండడం పాతకాలపు చాదస్తం కాదు.

అయితే ఏ డ్రమ్ము అన్నది తేల్చుకోవాలి. పురుగు మందులు, ఆమ్లాలు, రంగులు, ద్రావకాలు వచ్చిన డ్రమ్ముల్లో కట్టె పెడితే ఆ అవశేషం కట్టెకు అంటి, పొయ్యిలో పొగై వండేవారి ముక్కులోకే వస్తుంది. ప్రమాదకర రసాయనాలు అంటిన ఖాళీ డ్రమ్ములను కేంద్ర ప్రభుత్వపు 2016 నాటి నిబంధనలు ప్రమాదకర వ్యర్థాలుగానే లెక్కగట్టాయి. అవి అధీకృత సంస్థలకు చేరాలి గాని సంతలోకి కాదు. నేను కొన్న రెండు డ్రమ్ముల మీదా చీటీలు గీకేసి ఉన్నాయి. లోపల ఏముండేదని అడిగితే అమ్మినతను "సబ్బు నీళ్లే మాస్టారూ" అన్నాడు. అతనికీ తెలియదని నా నమ్మకం. నూనె, బెల్లపు పాకం, పండ్ల గుజ్జు వంటి తినే సరుకు వచ్చినదని చీటీ చూసి రూఢి చేసుకున్నదాన్ని తప్ప తీసుకోకూడదు. చిల్లులు పెట్టిస్తే ఇనుప డ్రమ్ములోనూ ఆరబెట్టుకోవచ్చు కదా అని అడిగినవారు ఉన్నారు. వద్దంటాను. ఖాళీగా కనబడే డ్రమ్ములో మిగిలిన ఆవిరికి గ్యాస్ కట్టరు నిప్పు గాని, గ్రైండరు రవ్వ గాని తగిలితే అది బాంబులా పేలుతుంది; పంజరాలూ ట్రేలూ దొరుకుతున్నప్పుడు ఆ ప్రమాదం నెత్తికి తెచ్చుకోనక్కర లేదు.

పనికిరాని చెక్కల గురించి కూడా ఒక మాట. ఓడరేవుల మీదుగా వచ్చే సరుకుల కింద ఉండే చెక్క పీటలను (ప్యాలెట్లను) విరగ్గొట్టి కట్టెగా అమ్ముతున్నారు. వాటి మీద ముద్ర ఉంటుంది. హెచ్‌టి అని ఉంటే వేడితో శుద్ధి చేసినవి, ఎమ్‌బి అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో శుద్ధి చేసినవి. రెండో రకాన్నీ, రంగు వేసిన తలుపు చెక్కలనూ పొయ్యిలో పెట్టకూడదు.

మీ పత్రిక ద్వారా నేను కోరేది పెద్దదేమీ కాదు. మన రాష్ట్రంలో బడి భోజన పథకానికి మా లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, సంతోషం. ఆ తల్లి పేరున వండే చోట కట్టె వాడక తప్పని బడులు ఉంటే, గ్యాసు ఏర్పాటు పూర్తయ్యే దాకా, ఒక్కొక్క బడికి కప్పు ఉన్న రెండు పంజరాలు, శుభ్రమైన మూత డ్రమ్ములు రెండు వేసవి సెలవులకు ముందే ఇప్పించమని అధికారులకు విన్నవిస్తున్నాను. ఏప్రిల్‌లో పేర్చిన పేళ్లు బడి తెరిచే జూన్‌కు పూర్తిగా కాకపోయినా చాలా వరకు ఎండి ఉంటాయి. కాలుష్య నియంత్రణ మండలి వారు పాత సామాన్ల కొట్లలో చీటీ లేని డ్రమ్ముల అమ్మకాన్ని ఒకసారి పరిశీలించాలి. మీ వ్యవసాయ పేజీలో శివరాత్రికి ముందు ఈ విషయం మీద ఒక చిన్న వ్యాసం వేయించగలిగితే, పంజరం పేర్చే పద్ధతికి ఫొటోలు నేను పంపగలను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కోనసీమ