కారు కిటికీ మొరాయిస్తే మోటారే దోషా?

సంపాదకులకు నమస్కారాలు.

కారు తలుపులోని పవర్ విండో సగంలో ఆగిపోతే మోటారు కాలిపోయిందని తేల్చేసి, మొత్తం మార్చాలని చెప్పడం పరిపాటి అయింది. నాకూ అదే సలహా దొరికింది. తీరా చూస్తే, తలుపుకూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలోంచి వెళ్లే తీగ ఒకటి, తలుపు తీసి వేసిన ప్రతిసారీ మడతపడి, చివరికి లోపలే తెగిపోయి ఉంది.

స్విచ్ నొక్కినప్పుడు మోటారు శబ్దం వినిపిస్తూనే అద్దం కదలకపోతే, లోపం సాధారణంగా అద్దాన్ని ఎత్తే రెగ్యులేటర్‌లోనో దాని కేబుల్‌లోనో ఉంటుంది. శబ్దమే లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత స్విచ్, తీగలు చూసి, మోటారు కనెక్టర్ దాకా 12 వోల్టుల విద్యుత్తు అందుతున్నదో లేదో మీటరుతో పరీక్షించాకే మోటారును తప్పుపట్టాలి. (వెనుక కిటికీలు మాత్రమే పనిచేయకపోతే డ్రైవరు వైపున్న లాక్ మీట ఎవరైనా నొక్కారేమో చూడండి, నవ్వు తెప్పించినా ఇది జరిగేదే.) అద్దం ఈడ్చుకుంటూ కదులుతుంటే, అది జారే రబ్బరు గాడిని శుభ్రం చేసి సిలికాన్ స్ప్రే కొడితే చాలాసార్లు సరిపోతుంది, ఇంజిన్ ఆయిల్ మాత్రం రబ్బరును పాడుచేస్తుంది.

తలుపు ప్యానెల్ విప్పేవారు అద్దాన్ని టేపుతో పైన నిలిపి, బ్యాటరీ సంబంధం తీసేశాకే లోపల చేయి పెట్టాలి. ఏ పరీక్ష చేసి ఏ భాగం మార్చారో మరమ్మతుదారులు బిల్లుపై రాసి ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు