సంతకం కంటే ముందే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా అక్టోబరులో రొమ్ము క్యాన్సర్ మీద పత్రికల్లో కథనాలు వస్తాయి. మామోగ్రామ్ చేయించుకోండి, త్వరగా కనిపెడితే నయమవుతుంది అంటారు. మంచిమాటే. కానీ త్వరగా బయటపడ్డాక మాబోటివాళ్లు ఏమేం తేల్చుకోవాల్సి వస్తుందో ఎవరూ రాయడం లేదు.

కొత్తపేటలో నాకు టైలరింగ్ షాపు ఉంది, జాకెట్లు కుడతాను. ఈమధ్య మామోగ్రామ్‌లో కుడి రొమ్ములో సున్నపు చుక్కలు కనిపించాయి. సూది బయాప్సీలో డీసీఐఎస్ అని వచ్చింది. క్యాన్సర్ కణాలు పాలనాళాల లోపలే ఉన్నాయి, గోడ దాటలేదన్నమాట. స్టేజ్ జీరో. ఆ భాగం వరకు తీసి రేడియేషన్ ఇస్తే చాలన్నారు.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం సంతకాలకు కాగితాలు తెచ్చారు. అంతా ఇంగ్లిష్. లంపెక్టమీ, అంటే జబ్బున్న భాగం వరకే తీయడం, అన్న మాట పక్కన ప్లస్ గుర్తు వేసి, పెన్నుతో ఇంకేదో రాసి ఉంది. మా అమ్మాయి అడిగితే, "చంకలో గ్రంథులు కూడా టెస్టుకు తీస్తారమ్మా, అందరికీ మామూలే" అంది సిస్టర్.

అందరికీ మామూలు కాదని పెద్ద డాక్టరు గారిని పట్టుబట్టి అడిగాక తెలిసింది. గోడ దాటని జబ్బు చంకలోని ఈ లింఫ్ గ్రంథులకు పాకదు. అయితే సూదికి వచ్చేది చిన్న ముక్కే కాబట్టి, ఆపరేషన్ తర్వాత పూర్తి రిపోర్టులో దాదాపు నలుగురైదుగురిలో ఒకరికి గోడ దాటిన క్యాన్సర్ కనిపిస్తుంది. రొమ్ములో రంగుమందు ఎక్కించి, అది ముందుగా చేరిన గ్రంథులను తీసి చూడటమే ఈ పరీక్ష. రొమ్ము ఉంచితే దాన్ని అప్పుడైనా చేసుకోవచ్చు. రొమ్ము మొత్తం తీసేస్తే రంగుమందు గ్రంథులకు చేరే దారులే పోతాయి, అందుకే వాళ్లకు అదే ఆపరేషన్‌లో చేస్తారు. ఇదంతా విని, నాకు ఇప్పుడు వద్దన్నాను. ఆయన సరేనన్నారు. రిపోర్టు ఇంకా రావాలి. తేడాగా వస్తే చంక పరీక్షకు సిద్ధంగానే ఉన్నాను.

ఎందుకింత పట్టింపు అంటే, నా కుడి చెయ్యే నాకు అన్నం పెడుతుంది. నా దగ్గరికి వచ్చే ఒకావిడకు ఎడమ చంకలో గ్రంథులన్నీ తీసేశాక ఆ చెయ్యి వాచింది. ఆమె జాకెట్‌కి ఎడమ చేతి లూజు కుడిదానికంటే అంగుళంన్నర ఎక్కువ పెడతాను. పొద్దున సరిపోయింది సాయంత్రానికి బిగుస్తుందని కుట్టు లోపల గుడ్డ కూడా వదులుతాను. నాకు తీద్దామనుకున్నవి ఒకటి, రెండు, మహా అయితే మూడు, నాలుగు గ్రంథులు. వాపు ప్రమాదం అంతకంటే చాలా తక్కువ, నిజమే. కానీ అసలు లేకపోలేదు. చేతి తిమ్మిరి, భుజం పట్టేయడం కూడా ఉంటాయట.

ఈ సంగతి బయాప్సీ రిపోర్టు చేతికిచ్చిన రోజే, ఓపీలో కూర్చోబెట్టి చెప్పాలి. దీనికి విడిగా, తెలుగులో ఒక కాగితం ఉండాలి. మీ ఆరోగ్యం పేజీలో సర్జన్ల చేత వివరంగా రాయించండి. రొమ్ము మొత్తం తీయించుకోబోయేవాళ్లు నా ఉత్తరం చదివి పరీక్ష వద్దనుకోకూడదు కాబట్టి, ఎవరికి అవసరమో ఎవరు ఆగవచ్చో అందులో విడివిడిగా చెప్పించండి.

– ఒక పాఠకురాలు, కొత్తపేట, హైదరాబాద్