రంధ్రం మూస్తే మైగ్రేన్ పోతుందనడం సరికాదు

గుండెలో రంధ్రం మూయిస్తే మైగ్రేన్ పోతుందనే ప్రచారం రోగులను అనవసర చికిత్సల వైపు నెడుతోంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు గుండె పైగదులైన రెండు కర్ణికల మధ్య రక్తం పారే ఫొరామెన్ ఒవేల్ అనే దారి పుట్టాక మూసుకుపోవాలి. సుమారు నలుగురిలో ఒకరికి మూసుకోదు, ఆ రంధ్రమే ఇది. నొప్పికి ముందు కళ్లెదుట వంకర గీతల మెరుపులు కనిపించే ‘ఆరా’ మైగ్రేన్‌లో ఇది మరింత ఎక్కువ. సంబంధం ఉన్నమాట నిజమే. కానీ బ్రిటన్‌లో 147 మందితో జరిగి, 2008లో వెలువడిన మిస్ట్ పరిశోధనలో రంధ్రం మూసినవారిలో ముగ్గురికి, మూయకుండా ఉత్తుత్తి ప్రక్రియ మాత్రమే చేసినవారిలోనూ ముగ్గురికే తలనొప్పి పూర్తిగా ఆగింది. 2017 నాటి ప్రీమియం పరిశోధన కూడా మైగ్రేన్ దాడులు తగ్గించాలన్న ప్రధాన లక్ష్యాన్ని చేరలేదు. రంధ్రం మూసే పరికరం పెట్టాక నెలల తరబడి రక్తం గడ్డకట్టకుండా మందులు వాడాలి, కొందరికి గుండె లయ తప్పుతుంది. కారణం దొరకని పక్షవాతం వచ్చిన 60 ఏళ్లలోపు వారి సంగతి వేరు. తగినవారిని ఎంచి మూస్తే మళ్లీ రాకుండా మేలు జరుగుతుందని రుజువైంది. సిరంజిల మధ్య సెలైన్‌ను, కాస్త గాలిని నురగలా కలిపి నరంలోకి ఎక్కించే బబుల్ పరీక్ష రంధ్రం ఉందో లేదో చెబుతుంది, తలనొప్పి ఎందుకొస్తోందో చెప్పదు. అందుకే మైగ్రేన్ ఒక్కటే ఉన్నవారికి పరికరం సూచించే ముందు న్యూరాలజిస్టు అభిప్రాయాన్ని తప్పనిసరి చేయాలి, మూడు నెలల తలనొప్పి డైరీ చూడాలి. నెలలో 15 రోజులు మామూలు నొప్పి మాత్రలు, మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్లయితే 10 రోజులు మింగుతుంటే ఆ మాత్రలే తలనొప్పి తేవచ్చు. ఆరా ఉన్న మహిళలకు ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు రాయకూడదు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది; మందుల దుకాణాల్లోనూ ఆరా వస్తుందా అని అడిగాకే ఇవ్వాలి.