నంబరు పలక తీసేసి పేరు రాయండి

సంపాదకులకు నమస్కారం.

మన విజయనగరం, శ్రీకాకుళం స్టూడియోల్లో ఈమధ్య ఒక కొత్త సరదా మొదలైంది. గోడ మీద ఎత్తు కొలిచే గీతలు, చేతిలో నంబరు రాసిన పలక, ఎదురుగా ఒక ఫొటో, పక్కకి తిరిగి ఒక ఫొటో. అచ్చం పాత పోలీసు రికార్డుల్లో ముద్దాయిల్లాగే. పుట్టినరోజులకీ, పెళ్లికి ముందు పార్టీలకీ తీయించుకుంటున్నారు. మొన్న ఒక స్టూడియోలో పలక మీద 420 అని రాసి ఆరేడేళ్ల పిల్లాడి చేతికిచ్చారు. తల్లిదండ్రులు పక్కనే ఉండి నవ్వుతున్నారు. నాకు మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను విజయనగరంలో చాలా ఏళ్లు స్టూడియో నడిపాను. అప్పట్లో స్టేషన్‌లో ఫొటో కావాలంటే కానిస్టేబుల్ మా దగ్గరికే వచ్చేవాడు. దొరికిన సొత్తయినా, గుర్తు తెలియని శవమైనా, పట్టుకొచ్చిన మనిషైనా మేమే తీసేవాళ్లం. ఒకసారి కొబ్బరికాయలు దొంగిలించాడన్న అనుమానంతో తెచ్చిన ముసలాయన్ని గోడకి నిలబెట్టారు. నేను ఫ్లాష్ సర్దుకుంటుంటే, "బాబూ, ఓపాలి ఆగండి, గుండీ ఎట్టుకుంతాను" అన్నాడు. తీరా చూస్తే చొక్కాకి పై గుండీ లేదు. రెండు అంచులూ దగ్గరికి లాగి బొటనవేలితో నొక్కి పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి దించమని గట్టిగా అరిచారు. దించాకే ఫొటో తీయనిచ్చారు.

ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి అన్న పద్ధతిని 1880ల్లో పారిస్ పోలీసు శాఖలో అల్ఫాన్స్ బెర్టిలాన్ స్థిరపరిచాడు. ఒకే దూరం, ఒకే వెలుతురు. మనిషిని కొలిచి, పోల్చి, పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. పోలీసులకి అవసరమే, కాదనను.

కానీ మన కుర్రాళ్లు ఫోన్‌లో చూసి ముచ్చటపడుతున్న పాత ఫొటోల్లో చాలా భాగం ఈ రకం కావు. ఆస్ట్రేలియాలో సిడ్నీ పోలీసులు 1910 నుంచి 1930 దాకా గాజు ప్లేట్ల మీద తీసినవి. 'స్పెషల్స్' అంటారు, దాదాపు రెండున్నర వేలున్నాయి. వాటిలో ఎక్కువ వాటికి వెనక గీతల్లేవు, చేతిలో పలక లేదు. టోపీ పెట్టుకుని, జేబులో చేతులు దోపుకుని, మనిషి తనకి తోచినట్టు నిలబడ్డాడు. కొందరు దర్జాగా కుర్చీలో కూర్చున్నారు. పేరు, తేదీ నెగటివ్ మీద చేత్తో రాశారు. నిలబడే తీరు వాళ్లకే వదిలేయబట్టి కదా ఆ ముఖాలు ఇప్పటికీ మనతో మాట్లాడుతున్నట్టుంటాయి! మనవాళ్లు అసలుది వదిలేసి పలక పట్టుకున్నారు.

ఆ పలక అందరికీ సరదా కాదు. తెల్లవాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మన మద్రాసు రాజధానికీ వచ్చింది. ఫలానా కులంలో పుట్టిన పాపానికి, ఏ నేరం చేయకపోయినా, వేలిముద్రలిచ్చి పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవలసి వచ్చేది. దేశమంతటా అది రద్దయ్యేసరికి 1952 వచ్చింది. ఆ కుటుంబాల మనవలు ఇవాళ మనందరి మధ్యే చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు.

1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టంలో ఒక మంచి మాట ఉండేది. అంతకు ముందు శిక్ష పడని మనిషిని నిర్దోషి అని వదిలేస్తే, కోర్టు వేరేగా చెప్పకపోతే, అతని ఫొటోలు నాశనం చేయాలి, లేదా అతని చేతికే ఇచ్చేయాలి. ఇప్పుడు వాట్సాప్‌లో పడ్డ ఫొటోని ఎవరు నాశనం చేస్తారు? మా వీధిలో డిగ్రీ చదివే అబ్బాయి సరదాగా తీయించుకున్నదాన్ని ఎవరో 'బైకుల దొంగ దొరికాడు' అని గ్రూపుల్లో తిప్పారు. పార్వతీపురం నుంచి మేనమామ కంగారుపడి ఫోన్ చేశాడు. వాళ్లమ్మ ఎన్ని రోజులు టెన్షన్ పడిందో నేను కళ్లారా చూశాను.

స్టూడియో తమ్ముళ్లూ, ఆ సిడ్నీ ఫొటోల తరహాలో తీయండి, నాకూ ఇష్టమే. గోడకి గీతలు వద్దు, వెల్ల వేసిన గోడ చాలు. ఫ్లాష్ ఆపి కిటికీ వెలుతురు పక్కనుంచి పడనివ్వండి. ఆ కాలపు ప్లేట్లలో ఎక్కువవి ఎరుపుని పట్టేవి కావు. అందుకే పెదవులు, మచ్చలు ముదురుగా వచ్చేవి. మీరు బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చేటప్పుడు రెడ్ తగ్గించి చూడండి, ఆ రూపు చాలావరకు వస్తుంది. వచ్చినవాళ్లని వాళ్ల బట్టల్లో, వాళ్లకి నచ్చినట్టు నిలబడనివ్వండి. కింద సెక్షన్ నంబరు బదులు వాళ్ల పేరు, ఊరు రాయండి. చిన్నపిల్లలకి మాత్రం ఎవరెంత అడిగినా ఆ పలక ఇవ్వకండి. కిటికీ వెలుతురుతో ఎలా తీయాలో చూడాలనుకుంటే మా ఇంటికి రండి, నా పాత కెమెరా స్టాండుతో సహా ఇంకా ఉంది, చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాత స్టూడియో ఫొటోగ్రాఫర్,
విజయనగరం