కాళ్లు కడిగి కడిగి తెచ్చుకున్న తంటా

అందరికీ నమస్కారం. కన్నడలో, ఇంగ్లీషులో వేరే మెసేజ్ పెట్టాను. మన తెలుగువాళ్లకు కాస్త వివరంగా చెబుదామని ఇది రాస్తున్నాను.

పోయిన ఆదివారం రైడింగ్ క్లాసుకు వచ్చిన ఒక పాప మా గుర్రం చంద్రిని చూసి, "అంకుల్, చంద్రి కాళ్లకు ఏమైంది?" అని అడిగింది. "ఏదో గీసుకుంది, తగ్గిపోతుందిలే" అని దాటేశాను. అది అబద్ధం. మన లాయంలో ఉన్న 14 గుర్రాల్లో 5 గుర్రాలకు కాళ్ల మీద మడ్ ఫీవర్ వచ్చింది. అందులో రెండు మీలో ఇద్దరు నమ్మి మా దగ్గర వదిలినవి. వాళ్లకు ఆ రోజే ఫోన్ చేశాను. మిగతావాళ్లకు చెప్పడానికి ఇన్ని రోజులు తీసుకున్నాను, అది నా పొరపాటే.

పేరులో ఫీవర్ ఉంది కానీ మామూలుగా జ్వరమేమీ రాదు. గిట్టకు కాస్త పైన, వెనక వైపు మడతలో చర్మం నానిపోయి రసి కారుతుంది. వెంట్రుకలు గుత్తులుగా అతుక్కుని పక్కులు కడతాయి. పక్కు ఊడితే కింద పచ్చిపుండు. చాలాసార్లు దీనికి కారణం డెర్మటోఫైలస్ కాంగోలెన్సిస్ అనే బ్యాక్టీరియా. 1915లో బెల్జియన్ కాంగోలోని పశువుల్లో మొదట గుర్తించారు, ఆ పేరు అలా వచ్చింది. పొడిగా, గాయం లేకుండా ఉన్న చర్మం జోలికి అది రాలేదు. తడి తగిలితే మాత్రం దాని బీజాలు మేలుకుని నీళ్లలో ఈదుతాయి. నానిన చర్మం మీద చిన్న గీత ఉన్నా లోపలికి దూరిపోతాయి.

ఆ తడి పెట్టింది మేమే. బెంగళూరులో వానలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే దంచి కొడతాయని మీకు తెలుసు. మా హెసరఘట్ట వైపు గేటు దగ్గర, నీళ్ల తొట్టి చుట్టూ ఎర్రమట్టి అంతా బురదైపోయింది. గుర్రం బురదకాళ్లతో కనిపిస్తే మీరు ఏమనుకుంటారోనని రోజుకు రెండుసార్లు పైపు పెట్టి కడిగించాను. కడగడమే తప్ప తుడిచింది లేదు. తడికాళ్లతోనే కట్టేయడం, అవి ఆరేలోపే మళ్లీ బయటికి తీయడం. పైగా అన్నిటికీ అదే బ్రష్షు, అదే గుడ్డ. మంచికి పోతే చెడు ఎదురైందంటారే, అదే జరిగింది. బురద కంటే నా పైపే ఎక్కువ చెడు చేసింది.

రెండో తప్పు ఇంకా పెద్దది. పక్కులు కనిపించగానే డాక్టరును పిలవలేదు. హిందూపురంలో మా నాన్న ఎద్దులకు ఏ పుండు పడినా వేపనూనెలో పసుపు కలిపి పూసేవాడు. అదే గుర్తొచ్చి నాలుగు రోజులు పూయించాను. పక్కు మీద జిడ్డు మందంగా పడితే కింద ఉన్న తడి బయటికి పోదు, బ్యాక్టీరియాకు కావలసింది అదే. ఐదో రోజు పొద్దునకి చంద్రి వెనక కాలు ఉబ్బిపోయింది. చెయ్యి పెడితే వేడి, కాలు నేల మీద ఆనించడం లేదు. ఇన్ఫెక్షన్ చర్మం లోపలి పొరలకు దిగిందని డాక్టరు చెప్పి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

చంద్రి పంచకల్యాణి. నాలుగు కాళ్లూ తెలుపు, ముఖమూ తెలుపు. శుభమని ముచ్చటపడి కొన్నాను. ఆ తెల్ల వెంట్రుకల కింద చర్మం కూడా రంగు లేకుండా గులాబీగా ఉంటుంది, ఈ జబ్బు ముందుగా పట్టేది ఎక్కువగా అలాంటి కాళ్లనే. ఐదు గుర్రాల్లో నాలుగింటికి తెల్లకాళ్ల మీదే వచ్చింది. శుభమో కాదో గానీ చాకిరీ మాత్రం ఎక్కువ.

డాక్టరు ముందు వెంట్రుకలూ పక్కుల ముక్కలూ తీసి మైక్రోస్కోపులో చూశారు. కంటికి కనిపించని పురుగులు పట్టినా కాళ్లు ఇలాగే అవుతాయి, దానికి మందు వేరు. మన గుర్రాలకు పురుగుల్లేవు. తర్వాత ఆ చోట వెంట్రుకలు కత్తిరించాం. గ్లౌజులు వేసుకుని, క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ స్క్రబ్‌ను ఆయన చెప్పినంత పల్చన చేసి పట్టించి, పది నిమిషాలు ఉంచి కడుగుతున్నాం. నాని వాటంతటవే వదిలే పక్కులే తీస్తాం. గట్టివి పీకితే గుర్రం తంతుంది, పుండూ పెద్దదవుతుంది. తీసిన పక్కులు నేల మీద పడనివ్వకుండా పారేస్తున్నాం, బ్యాక్టీరియా వాటిలోనే దాక్కుంటుంది. అసలు పని ఆ తర్వాత ఉంది. వేరే టవలుతో అద్ది, పూర్తిగా ఆరేదాకా వదలకూడదు. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ ఇప్పుడు లాయంలోనే ఉంది. ఇంట్లోకి మళ్లీ రానివ్వనని చెప్పేసింది.

ఇకమీదట మీరు వచ్చేసరికి గుర్రాల కాళ్లకు బురద కనిపించవచ్చు. ఎండిపోయాక బ్రష్షుతో దులుపుతాం. దయచేసి పైపు తీసుకుని కడగొద్దు, మా కుర్రాళ్లకూ కడగమని చెప్పొద్దు. తప్పక కడగాల్సి వస్తే తుడిచి ఆరబెట్టాకే వదులుతాం. వాన ముందు రాసే క్రీమ్ కూడా శుభ్రంగా, పొడిగా ఉన్న కాలికే. ఏ గుర్రం బ్రష్షు దానికే. గేటు దగ్గర రెండు లోడ్ల కంకర పోయించి, నీళ్లు పోవడానికి కాలువ తీయిస్తున్నాను. సాయంత్రం మాలీసు చేసేటప్పుడు ప్రతి కాలునూ చేత్తో తడిమి చూడాలని కుర్రాళ్లకు చెప్పాను. పక్కు కంటికి కనిపించకముందే వేలికి తగులుతుంది.

డబ్బుల సంగతి. వైద్యం ఖర్చంతా నాదే, ఆ ఇద్దరికీ బిల్లు రాదు. ఈ ఐదు గుర్రాలూ పూర్తిగా తేరుకునేదాకా వాటి మీద జీను వేయం. అందుకే ఆదివారం మూడు బ్యాచులకు బదులు రెండే నడుస్తాయి. పోయిన క్లాసులు వచ్చే నెలలో కలుపుతాను, వద్దంటే డబ్బు వెనక్కి ఇచ్చేస్తాను. అడగడానికి మొహమాటపడొద్దు.

ఇప్పటికి మూడు గుర్రాలకు పుండ్లు మాని కొత్త వెంట్రుకలు వస్తున్నాయి. ఒకదానికి ఇంకా పక్కులున్నాయి. చంద్రికి వాపు దిగింది, కాలు ఆనిస్తోంది, ఉలవలు మళ్లీ గిన్నె ఖాళీ చేస్తోంది. ఈ జబ్బు అరుదుగా మనుషుల చేతులకూ అంటుకోవచ్చు, అందుకని పిల్లలు ఆ కాళ్లను ముట్టుకోకుండా చూడండి. ముఖం నిమరొచ్చు, క్యారెట్ పెట్టొచ్చు. ఆ పాప వస్తే జరిగిందేమిటో నేనే చెబుతాను.